వినే కుర్చీ

పోయిన వారం జర్నలిజం పంతులు జయపాల్ సారును రేడియో గది గడప మీద, ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో ఆకుపచ్చ ఫైలుతో వదిలేశాం. శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంట. సాయంత్రం ఐదు గంటలకు యూనివర్సిటీ పోర్టల్ మూసుకుంటుంది. ఆలోగా ఆ ఫైలు మీద కాలేజీని నడిపే కరస్పాండెంటు సంతకం పడితే వనపర్తిలోని నెహెమ్యా క్రిస్టియన్ కాలేజీకి జర్నలిజం ఎం.ఏ. వస్తుంది. పడకపోతే రాదు. ఆరు గంటలకు కాలేజీ రేడియోలో వారానికోసారి వచ్చే ‘స్టేజీ కాడి ముచ్చట’ మొదలవుతుంది. ఈ వారం ముచ్చట కాలేజీ బస్సు గురించి. పిల్లలను ఎక్కించుకోవలసిన బస్సు పెద్దమనుషుల ఇళ్లలో పెళ్లిళ్లకు పోతున్నదని ఫైనలియర్ అమ్మాయి శిల్ప రాసింది. బస్సును పెళ్లిళ్లకు పంపేది కరస్పాండెంటే. ఫైలు మీద సంతకం పెట్టవలసిందీ ఆయనే.

ఇలాంటి రోజున తెలివైన మనిషి ఐదింటిలోగా సంతకం పెట్టించుకుని, ఆరింటికి వార్త చదివిస్తాడు. జయపాల్ తెలివైనవాడే. కానీ తను పెట్టిన నియమం తనకే అడ్డమొచ్చింది. ఎవరి గురించి వార్త రాస్తామో వాళ్లను ముందు కూర్చోబెట్టి, రాసింది రాసినట్టు వాళ్లకు చదివి వినిపించాలి. ఆ తరువాతే లోకానికి.

ఈ నియమానికి కారణం అమ్రాబాద్‌లో ఉన్న ఒక రేషన్ డీలరు. జయపాల్ నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి ఈ కాలేజీలో చేరిన రెండో ఏడు, పిల్లలతో గోడపత్రిక నడిపించేవాడు. ఒక పిల్లవాడు ఆ డీలరు చనిపోయాడని రాశాడు. మూడోరోజు డీలరు బస్సెక్కి వచ్చి, తను చనిపోలేదని చెప్పుకోవడానికి ప్రిన్సిపాల్ గది ముందు సాయంత్రం దాకా కూర్చున్నాడు. జయపాల్ క్షమాపణ చెప్పి టీ తాగించాడు. డీలరు పోతూ పోతూ ఆ గోడపత్రికను జాగ్రత్తగా ఊడదీసి మడిచి చంకలో పెట్టుకున్నాడు. అందులో తనను ‘ఉదార హృదయుడు’ అని రాశారట. ఫ్రేము కట్టించుకుంటానన్నాడు. బతికి ఉండగా ఆ మాట ఇంకెవరూ అనలేదట.

అప్పటినుంచి చదివి వినిపించకుండా ఒక్క ముక్క కూడా బయటికి పోలేదు. విన్నవాళ్లు తప్పులుంటే చెప్పవచ్చు. నచ్చలేదని మాత్రం కొట్టేయడానికి లేదు. విన్నాక ఒక పెద్ద నోటుబుక్కులో ‘విన్నాను’ అని రాసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే ‘విన్నారు, సంతకం పెట్టలేదు’ అని పిల్లలే రాసుకుంటారు. పద్దెనిమిదేళ్లలో అలాంటి నోటుబుక్కులు పదకొండు నిండాయి.

వాళ్లు కూర్చోవడానికి ఒక కుర్చీ ఉంది. బిషప్ గారు వచ్చినప్పుడు వేసే ఎర్ర మఖమల్ కుర్చీ అది. ఒక కాలు పొట్టిది అయిపోతే స్టోర్ రూములో పడేశారు. క్రిస్మస్ నక్షత్రాల చట్రాలు, పశువుల పాక, ఒక చెవి విరిగిన గాడిద బొమ్మ, ఈ కుర్చీ ఉన్న ఆ స్టోర్ రూమునే కాలేజీ వాళ్లు జయపాల్‌కు ఇచ్చి, ఇదే మీ డిపార్ట్‌మెంట్ అన్నారు. గాడిదను చర్చికి పంపించి, పొట్టికాలు కింద పాత ప్రశ్నాపత్రాల కట్ట పెట్టి, కుర్చీని ఆయన ఉంచుకున్నాడు. శబ్దం బయటికి పోకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టించాడు. ఆ అట్టల కోసం హాస్టల్ పిల్లలు ఆరు నెలలు గుడ్డుకూర తిన్నారు. తరువాత మైకులొచ్చాయి, మిక్సరొచ్చింది, లైసెన్సొచ్చింది, పది పన్నెండు కిలోమీటర్ల దాకా వినపడే టవరొచ్చింది. కుర్చీ మాత్రం మారలేదు. సర్పంచులు, వార్డు మెంబర్లు తమ మీద వార్త వినడానికి ఇష్టపడకపోయినా ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇష్టపడేవారు. కొందరు వార్త అయిపోయాక కూడా లేచేవారు కాదు. ఫోటో తీయమనేవారు.

ఆ మధ్యాహ్నం అందులో కరస్పాండెంట్ ఆశీర్వాదం అయ్యగారు కూర్చున్నారు. కూర్చునే ముందు జేబురుమాలు పరిచారు. ఎదురుగా స్టూలు మీద శిల్ప, చేతిలో నాలుగు కాగితాలు. పక్కన టేబుల్ మీద ఆకుపచ్చ ఫైలు, సంతకం పెట్టవలసిన పేజీ తెరిచి. దాన్ని అలా తెరిచి పెట్టింది జయపాలే. అది ఒత్తిడి కాదని, గాలికి తెరుచుకున్నదని అనుకోవడానికి వీలుగా పైన ఫ్యాను కూడా వేశాడు.

ఆ ఫైలు ఎవరికన్నా ఎక్కువ కావలసింది శిల్పకు. వాళ్ల నాయన మాసయ్య, అమ్మ కిష్టమ్మ పుణెలో బిల్డింగుల పనికి పోయి పదేళ్లు. పిల్ల పెబ్బేరు దారిలో ఉన్న ఊళ్లో అవ్వ దగ్గర ఉండి చదువుకుంటున్నది. పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరే చదువైతేనే చదువు, లేదంటే డిగ్రీ కాగానే పుణె వచ్చి మేస్త్రీ దగ్గర హాజరు రాసే పనిలో చేరమని వాళ్లు చెప్పేశారు. పొద్దున పోయి సాయంత్రం వచ్చే ఎం.ఏ. ఎక్కడైనా ఉంటే అది ఈ ఫైలులోనే ఉంది.

శిల్ప చదివింది. నవంబరు మొదటి తారీఖు నుంచి ఫిబ్రవరి చివరి దాకా పదిహేడు రోజులు కాలేజీ బస్సు పెబ్బేరు దారిలోకి రాలేదు. మాఘమాసమని హిందువులు, ఈస్టరు ముందటి ఉపవాసాల శ్రమకాలం రాకముందే కానివ్వాలని క్రైస్తవులు అందరూ కలిసి ఫిబ్రవరి మీద పడటంతో ఆ ఒక్క నెలలోనే ఎనిమిది రోజులు పోయాయి. ఏ రోజున బస్సు ఎవరింటి పెళ్లికి పోయిందో, ఏ రోజున ఎంతమంది పిల్లలు బస్సు ఆగే స్టేజీల దగ్గర నిలబడి ఇంటికి తిరిగిపోయారో వరుసగా ఉంది. ఆ ఇళ్లవాళ్లందరికీ ఈ వారమే చదివి వినిపించారు, అయ్యగారే ఆఖరు. కరస్పాండెంటు గారి మేనకోడలి పెళ్లి ఉంది. ఆయన తోడల్లుడి కొడుకు పెళ్లి ఉంది. ఆ పెళ్లి వాయిదా పడితే బస్సు రెండోసారి పోయిన విషయమూ ఉంది.

అయ్యగారు కళ్లు మూసుకుని విన్నారు. ఇతరుల ప్రసంగాలు ఆయన అలాగే వింటారు. చదవడం అయ్యాక కళ్లు తెరిచి, పిల్ల బాగా రాసిందని మెచ్చుకున్నారు. బస్సు ఉత్తగా నిలబడితే బ్యాటరీ దిగిపోతుంది కాబట్టి అప్పుడప్పుడు పెళ్లికి పంపడం బస్సుకు కూడా మంచిదేనన్నారు. మేనకోడలి పెళ్లి గురించి ఆయనకేమీ అభ్యంతరం లేదు. తోడల్లుడి గురించి ఇంకా కొంచెం రాసినా ఫరవాలేదన్నారు. అభ్యంతరమల్లా, రెండో పేజీలో తనను ‘కరస్పాండెంట్ ఆశీర్వాదం’ అని ఊరికే రాసేయడం. ముందు రెవరెండు, డాక్టరు లేవు. ఆ డాక్టరేటు కోసం తను బెంగళూరు దాకా పోయి రెండు రోజులు ఉన్నానని గుర్తు చేశారు.

అది నిజమే కాబట్టి సరిదిద్దాలని జయపాల్ ఒప్పుకున్నాడు. శిల్ప రెండు మాటలూ చేర్చింది.

“ఇంగొకటి,” అన్నారు అయ్యగారు. మత ప్రచారంలోకి రాకముందు ఆయన కొల్లాపూర్‌లో లెక్కల పంతులు. “బస్సు రాని రోజులు పదిహేడు అంటివి. నేను చేతి యేళ్లు మడుస్తనే ఉన్న. పెండ్లి దినాలు పదహారే అయినయ్. ఒకటి యాడ పోయింది బిడ్డా?”

శిల్ప కాగితాల వైపు చూసింది. లెక్క తప్పిందేమో సార్, పదహారని దిద్దుతానంది.

ఇక్కడ జయపాల్ నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇంకో దారి పట్టేది. కానీ ఆయన పంతొమ్మిదేళ్లుగా పంతులు. పిల్ల తడబడితే చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాదు. వార్తలో అంకె తప్పు పోతే మిగతా నాలుగు పేజీలూ చిత్తుకాగితాలేనని మొదలుపెట్టాడు. ముందు పదిహేడు అని ఎలా వచ్చిందని అడిగాడు. హాజరు రిజిస్టరు చూసే కదా రాసింది, మరి రిజిస్టరు తప్పా, నువ్వు తప్పా అన్నాడు. శిల్ప తల ఎత్తలేదు. జయపాల్‌కు అనుమానం వచ్చింది. పిల్ల ఎవరినో కాపాడుతున్నది.

“శిల్పా, నీ నోట్సుల ఉన్నదా లేదా ఆ పదిహేడోది?”

“ఉన్నది సార్.”

“మరి గీండ్ల ఎందుకు లేదు? ఎవ్వరిదైతేంది? కలెక్టరుదైనా రాయాలె. మనం పెద్దోళ్లను జూసి భయపడుడు ఎప్పుడు మొదలువెట్టినం?”

అయ్యగారు సీసాలో నీళ్లు ఒక గుక్క తాగి, మూత బిగించి, నిమ్మళంగా అన్నారు.

“ఫిబ్రవరి పదకొండు, బుధారం. గద్వాల. నేను గూడ వచ్చిన గద జయపాల్. మటన్ మంచిగుండె.”

ఫ్యాను తిరుగుతున్నది. ఫైలులో సంతకం పేజీ ఒకసారి లేచి మళ్లీ పడుకున్నది.

ఫిబ్రవరి పదకొండున గద్వాలలో జరిగింది జయపాల్ కూతురు తేజస్విని పెళ్లి.

ఆ బస్సు వద్దని ఆయన రెండు రోజులు గట్టిగానే నిలబడ్డాడు. అది ఆయన భార్య సరిత కూడా ఒప్పుకుంటుంది. బస్సు కిరాయికి మాట్లాడదామన్నాడు. సరిత కిరాయి గురించి ఒక్క మాట అనలేదు. కాలేజీలో ఆఫీసు గుమాస్తా చెల్లెలి పెళ్లికి బస్సు వచ్చింది, ప్రొఫెసరు కూతురి పెళ్లికి రాలేదంటే గద్వాల వాళ్లు ఏమనుకుంటారని మాత్రం అడిగింది. మాస్ కమ్యూనికేషన్ మూడేళ్ల సిలబస్‌లో ఎక్కడా దానికి జవాబు లేదు. మూడో రోజు ఒప్పుకున్నాడు. కానీ మనస్సాక్షి ఉన్న మనిషి కాబట్టి ఒక షరతు పెట్టాడు: బస్సు మీద కాలేజీ పేరు కనబడకూడదు. అందుకని బస్సు పక్కలకు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మీద పెళ్లికూతురు, పెళ్లికొడుకు, పద్నాలుగు మంది బంధువులు. అందరికన్నా ముందు, నాలుగడుగుల ఎత్తున, కోటు వేసుకుని, నవ్వుతూ, రెండు చేతులూ జోడించి జయపాల్.

అంతటితో ఆగి ఉంటే ఒక రకం. వియ్యంకుడు చంద్రశేఖర్ గద్వాలలో బస్సు దిగుతుంటే ఎదురొచ్చి, బస్సు బాగుంది బావగారూ, ఎక్కడిదన్నాడు. పదిమంది వింటున్నారు. కాలేజీ కమిటీ తన సేవలకు గౌరవంగా తీర్మానం చేసి పంపించిందని జయపాల్ చెప్పేశాడు. నోట్లోంచి వచ్చేదాకా ఆయనకు కూడా ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు కోడిగుడ్ల అట్టల మధ్య నిలబడి, శిల్పను చూశాడు.

“ఎందుకు రాయలే బిడ్డా?”

“రాసిన సార్. రాస్తే మీకు సదివి ఇనిపియ్యాలె గద. గది నాతోని గాలే.”

“నీకెట్ల తెలుసు బస్సు గద్వాలకు పోయిందని?”

శిల్ప కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. చెప్పడం మొదలుపెడితే గడగడా చెప్పేసింది.

“నేను స్టేజీ కాడనే ఉంటి సార్. ఎన్మిదింటికి వచ్చిన. మనకు ఆ దినం ఇంటర్నల్ ఉండె, మీ పేపరే. బస్సు ఎదురుంగ పోతుండె, ఇట్లకెళ్లి అటు. పెండ్లి బస్సు అనుకున్న. దగ్గరికొచ్చినంక మీరు కనవడ్డరు. దండం పెడుతుండ్రి. నేను గూడ పెట్టిన. ఎనకకెళ్లి సూస్తే నిచ్చెన లేదు. నిచ్చెన ఇరిగిపోయింది మన బస్సుకే గద. మన బస్సే. పెబ్బేర్ల మలుపుకొని మల్ల వస్తదేమో అని పదకొండింటి దాక నిలవడ్డ.”

అయ్యగారు నవ్వబోయి మానుకున్నారు.

జయపాల్‌కు ఆ ఇంటర్నల్ గుర్తుంది. పెళ్లి హడావుడి అయ్యాక పేపర్లు దిద్దాడు. శిల్ప పేరు ఎదురుగా సున్నా వేశాడు. క్లాసులో లేపి, ఎందుకు రాలేదని అడిగాడు. జరమొచ్చింది సార్ అంది. వార్త మనకు జరం తగ్గేదాకా ఆగదని ఆయన నలభై నిమిషాలు ప్రసంగించాడు. చాలా బాగా మాట్లాడానని ఆ రాత్రి సరితతో కూడా చెప్పుకున్నాడు.

ఇప్పుడు అయ్యగారు కుర్చీలో ముందుకు జరిగారు. ఆయన చెప్పింది చాలా సబబుగా ఉంది. పిల్ల రాసిన జాబితాలో ఒక పెళ్లి తక్కువుంది. అసంపూర్తిగా ఉన్న వార్త పోకూడదన్నది జయపాల్ పెట్టిన నియమమే. కాబట్టి ఈ వారం ఆపుదాం. ఎవరిదీ తప్పు కాదు, టైము చాలలేదు. ఈ వారం టమాట సాగు మీద వేయండి. వచ్చే ఏడు ఎం.ఏ. పిల్లలు వస్తారు, వాళ్లు ఇంకా మంచిగా పరిశోధన చేస్తారు. ఈ పిల్ల కూడా వాళ్లలో ఉంటుంది. ఇలా చెప్తూ ఆయన జేబులోంచి పచ్చ ఇంకు పెన్ను తీసి, మూత ఊడదీసి, ఫైలు పక్కన పెట్టారు. తీసిన మూత మళ్లీ పెట్టలేదు. పోర్టల్ ఐదింటికి మూసుకుంటుందని కూడా ఆయనే గుర్తు చేశారు.

జయపాల్ పెన్ను చూశాడు. ఆరేళ్ల ఫైలు. రెండుసార్లు హైదరాబాద్‌లో పోయింది, ఒకసారి నాగర్‌కర్నూల్ బస్టాండులో తనే మరిచిపోయాడు. పంతొమ్మిదేళ్ల కిందట విరిగిన గాడిదతో మొదలైన డిపార్ట్‌మెంట్ ఇది. ఇంకో రెండేళ్లలో రిటైరు. ఈ ఏడు రాకపోతే తరువాత అడిగేవాడు ఉండడు. పైగా సున్నా వేసిన పిల్లకు రెండేళ్ల చదువు వస్తుంది. తప్పు దిద్దుకున్నట్టూ ఉంటుంది. ఇన్ని మంచి కారణాలు ఒకేచోట దొరకడం అరుదు. గద్వాలలో బస్సు దిగుతున్నప్పుడు తప్ప, తనకు ఇంత సులువుగా కారణాలు దొరికిన సందర్భం ఆయనకు గుర్తు రాలేదు.

శిల్పను అడిగాడు. పుణె నుంచి నాయన ఫోన్ చేశాడా అని. చేశాడంది. ఫైలు సంగతి తెలుసా అంటే, తెలుసంది. ఫైలు ఆగితే ఏమవుతుందో తెలుసా అంటే, అదీ తెలుసంది. మరి ఏం చేద్దామన్నాడు.

శిల్ప ఒళ్లో కాగితాలు సర్దుకుంది. “నేనేం జెప్త సార్. రూలు మీది.”

జయపాల్ అయ్యగారి వైపు తిరిగాడు. “అయ్యగారూ, జర లేస్తరా.”

“ఎందుకు?”

“అది ఇనేటోళ్ల కుర్చీ. మీది అయిపోయింది. ఇప్పుడు నాది.”

అయ్యగారు లేవడానికి కొంత సమయం తీసుకున్నారు. జేబురుమాలు మడుచుకుని పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలోకి మారారు. మారాక ఒకసారి ఎర్ర కుర్చీ వైపు చూశారు. దాంట్లో కూర్చున్నవాళ్లందరూ అలాగే చూస్తారు.

జయపాల్ కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్లలో అందులో కూర్చోవడం అదే మొదటిసారి. ఎదురుగా ఉన్న స్టూలు ఇంత దగ్గరగా ఉంటుందని ఆయనకు తెలియదు. పొట్టికాలు వైపు కుర్చీ కొంచెం ఒరుగుతుందని కూడా ఎవరూ చెప్పలేదు.

“నోట్సుల ఉన్నది ఉన్నట్టు సదువు. మెల్లగ సదవకు. మామూలుగ సదువు.”

శిల్ప నోట్సు తెరిచింది. ఫిబ్రవరి పదకొండున కాలేజీ బస్సు, కమ్యూనికేషన్ విభాగం అధిపతి ప్రొఫెసర్ జయపాల్ కూతురి పెళ్లికి గద్వాలలో చంద్రశేఖర్ గారింటికి పోయింది. బస్సు మీద కాలేజీ పేరు కనపడకుండా ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆ రోజు ఇంటర్నల్ పరీక్ష ఉంది. పెబ్బేరు దారిలో నాలుగు స్టేజీల దగ్గర తొమ్మిది మంది నిలబడ్డారు. ఇద్దరు ఆటోలో పోయి సగం పరీక్ష రాశారు. ఏడుగురికి సున్నా వచ్చింది.

ఏడుగురని జయపాల్‌కు తెలియదు. సున్నాలు తనే వేశాడు. కానీ లెక్కపెట్టలేదు.

తప్పులేమైనా ఉన్నాయా సార్ అని శిల్ప నియమం ప్రకారం అడిగింది. ఉన్నాయన్నాడు. శిల్ప పెన్ను పట్టుకుంది. అయ్యగారు ముందుకు వంగారు.

“బస్సు ఒక్క దినం కాదు. పెండ్లిసామాన్లు తేనీకి పదో తారీఖు మాపటిజాముకు గూడ పోయింది. ఆ సాయంత్రం పిల్లలు ఇండ్లకు ఎట్ల పోయిండ్రో నాకు తెల్వదు. కనుక్కొని రాయి. ఫ్లెక్సీ ఎవరు కట్టుమన్నరో రాయలే నువ్వు. నేనే కట్టుమన్న. అది గూడ రాయి.”

శిల్ప రాసుకుంది. రాస్తున్నంతసేపూ గదిలో పెన్ను చప్పుడు వినపడింది. గుడ్ల అట్టలు పని చేస్తున్నాయి.

“ఆ ఏడు సున్నాల సంగతి రేడియోకు కాదు, ఆఫీసుకు. మల్ల పరీక్ష పెడ్త. నేను నిలవడి రాయిపిస్త.”

పన్నెండో నోటుబుక్కు తెరిచి, ‘విన్నాను. నిజమే’ అని రాసి సంతకం చేశాడు. కొత్త ఇంకు ఆరకముందే దాన్ని అయ్యగారి ముందుకు జరిపాడు. అయ్యగారు ఆ రెండు మాటలనూ చాలాసేపు చదివారు. మనుషులు సాధారణంగా ‘విన్నాను’ అని మాత్రమే రాస్తారు. ఆ రెండో మాటకు నోటుబుక్కులో గడి లేదు.

ఆయన సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. చూపుడు వేలు తీసి శిల్ప కాగితం మీద ఒక చోట ఆనించారు.

“నీ రూలు ఏమంటది జయపాల్? పేరు ఉన్నోళ్లందరు ఇనాలె, గంతేనా?”

“గంతే.”

“గీడ చంద్రశేఖర్ గారు అని రాసింది పిల్ల. ఆయన ఇన్నడా మరి?”

రెండుంబావు అయింది. గద్వాల గంటన్నర దారి. వియ్యంకుడి ఎదురుగా కూర్చుని, మీకు తీర్మానం అని చెప్పింది అబద్ధం, అది పిల్లల బస్సు అని చదివి వినిపించాలి. కూతురు ఆ ఇంట్లో కాపురానికి పోయి సరిగ్గా నెల. పేరు తీసేస్తే సరిపోతుందని శిల్ప మెల్లగా అంది. గద్వాలలో ఒక ఇంటికి అని రాస్తే చాలు కదా అంది.

జయపాల్ లేచాడు. “మిగిలిన ఇండ్ల పేర్లు తీసినమా?”

తియ్యలేదంది.

“మరి నడువు.”

బయట షెడ్డు కింద డ్రైవర్ బాలరాజు బస్సుకు ఫ్లెక్సీ కడుతున్నాడు. శ్రమకాలంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఈ నెల గృహప్రవేశాలు. రేపు కల్వకుర్తిలో కమిటీ మెంబరు బామ్మర్ది ఇల్లు. ఒక వైపు కట్టడం అయిపోయింది. జయపాల్ దాన్ని విప్పమన్నాడు. బాలరాజు ఆయన వెనకాల వస్తున్న అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు ఆకాశం వైపు చూశారు. బాలరాజు ఇరవై ఏళ్లుగా ఇలాంటి చూపులు చదువుతున్నాడు గానీ ఇది మాత్రం అర్థం కాలేదు. ఎవరి పెండ్లి సార్ అని అడిగాడు.

“నాదే,” అన్నాడు జయపాల్. “గద్వాల తొవ్వ పట్టు. ఆరింటికి మల్ల గీడుండాలె. పోయేటప్పుడు స్టేజీల కాడ పిల్లలుంటే ఎక్కించుకో.”

ఫ్లెక్సీ విప్పాక కాలేజీ పేరు బయటపడింది. తాళ్లు రాసుకుని రాసుకుని ‘క్రిస్టియన్’లో సగం చెరిగిపోయింది. శిల్ప ఎక్కి మూడో సీట్లో కూర్చుంది. నాలుగు నెలల్లో ఈ బస్సు ఇంత టైముకు బయలుదేరడం తను చూడలేదంది. జయపాల్ మెట్టు మీద కాలు పెట్టేసరికి ముందు సీట్లో అయ్యగారు అప్పటికే కూర్చుని ఉన్నారు. జేబురుమాలు పరిచి ఉంది. ఒళ్లో ఆకుపచ్చ ఫైలు, చేతిలో పచ్చ పెన్ను.

“మీరెందుకు అయ్యగారూ, ఎండల?”

“మీ వియ్యంకుడు ఎట్ల ఇంటడో జర సూడాలె. నా పేరు గూడ ఉన్నది గద అండ్ల.” పెన్నుకు మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. “సంతకానికి ఐదింటి దాక టైముంది. గద్వాలల గూడ ఇంకు పనిచేస్తది, పోర్టల్ ఫోన్ల గూడ తెరుసుకుంటది.”

పెడతారో లేదో ఆ ముఖంలో ఏమీ లేదు. జయపాల్ అడగలేదు. అడిగితే అది బేరం అవుతుంది. వెళ్లి శిల్ప పక్క వరుసలో కూర్చున్నాడు.

పెబ్బేరు దారిలో మూడో స్టేజీ దగ్గర ముగ్గురు పిల్లలు బస్సు చూసి పక్కకు తప్పుకున్నారు. వాళ్లు దాన్ని ఆపడం ఎప్పుడో మానేశారు. బాలరాజు తనే ఆపాడు. ఇది పెండ్లి బస్సా, కాలేజీ బస్సా అని ఒక పిల్ల కిందనుంచే అడిగింది. బాలరాజు అద్దంలో జయపాల్‌ను చూసి, కాలేజీదేనన్నాడు. నమ్మకం కుదరక ఆ పిల్ల బస్సు పక్కకు పోయి పేరు చదువుకుని వచ్చి ఎక్కింది.

పెబ్బేరులో ఆ పిల్లలను దింపి హైవే ఎక్కారు. బీచుపల్లి దగ్గర కృష్ణ మీద బ్రిడ్జి ఎక్కుతుండగా జయపాల్ ఫోను మోగింది. తెర మీద వియ్యంకుడి ఫోటో. పెళ్లిలో తీసిందే, వెనకాల బస్సు కూడా కనబడుతున్నది. జయపాల్ ఫోను చెవికి ఆనించుకున్నాడు. చంద్రశేఖర్ గొంతు పెద్దది. పక్క వరుసలో శిల్పకు, ముందు సీట్లో అయ్యగారికి కూడా స్పష్టంగా వినపడింది.

“బావగారూ, మీ పిల్లలు వాట్సాప్‌ల పెట్టిండ్రు గద, ఆరింటికి మీ కాలేజీ బస్సు మీద ప్రోగ్రామ్ ఉన్నదంట. ఫోన్ల పెట్టుకుంటే గద్వాలకు గూడ వస్తదట. మా సంఘపోళ్లను నలభై మందిని పిలిచిన. అందరికీ చాయ్ చెప్పిన. కమిటీ తీర్మానం ముచ్చట చెప్తే ఒక్కడూ నమ్ముతలేడు. మన పెండ్లి ముచ్చట వస్తదా అండ్ల?”

అయ్యగారు ఫైలు మీద పెన్ను నిలబెట్టి, అలాగే పట్టుకుని వెనక్కి తిరిగారు. శిల్ప నోట్సు మూసి రెండు చేతులతో పట్టుకుంది. కింద కృష్ణ నీళ్లు తక్కువగా ఉన్నాయి, రాళ్లు కనబడుతున్నాయి.

“వస్తది బావగారూ,” అన్నాడు జయపాల్. “ఆరింటి దాక ఆగుడెందుకు, నేనే వస్తున్న. అందరికన్న ముందు మీకే సదివి ఇనిపిస్త. నడి ఇంట్ల ఒక కుర్చీ ఏసి పెట్టుండ్రి.”